మొదటి బండి తాళం తీసుకునే ముందు

వఫ్రా తోటల్లో కూరగాయల లోడుకి కొత్తగా చేరిన డ్రైవర్‌కి చాలాసార్లు ఇంకొకరు తోలి వదిలేసిన లారీయే ఇస్తారు. కంగారు పడకండి. తాళం తీసుకునే ముందే చుట్టూ తిరిగి సొట్టలు, అద్దాలు, టైర్లు, కిలోమీటర్ల మీటరు ఫొటోలు తీసి, అప్పుడే మందూబ్‌కి వాట్సాప్‌లో పంపండి. లేదంటే పాత సొట్టల ఖర్చు మీ జీతంలో కోస్తామనొచ్చు. దఫ్తర్, ఇన్సూరెన్స్ గడువు చూసుకోండి. మీ లైసెన్సు ఆ బండికి చెల్లకపోతే తోలొద్దు. బ్రేకు సరిగా పడకపోతే బండి తియ్యనని చెప్పండి, ఆ మాటా మెసేజ్‌లోనే పెట్టండి. అరబీ కాగితం ఇస్తే, తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే సంతకం చేసి, ఒక కాపీ అడగండి.

ఇంకొకటి: 2025 ఏప్రిల్ 22 నుంచి కువైట్‌లో జరిమానాలు పెరిగాయి. తోలుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, రెడ్ లైటు దాటితే 150. దారిలో ఆఫీసు ఫోన్ వచ్చినా, బండి పక్కకి ఆపాకే ఎత్తండి.