ఎడారి గాలియు చిన్న ట్రైలరును

అమెరికాలోని మొజావే ఎడారిలో విడిదిచేయువారు కొందఱు మోటారుకారు వెనుక తగిలించిన చిన్న యింటిబండిని, అనగా ట్రైలరును, తీసికొనిపోవుదురు. అచ్చట ఎండవలెనే గాలియు వారిని బాధించును. గాలివేగము రెండింతలైనచో దాని త్రోపుడు నాలుగింతలగును. కావుననే గంటకు 20 మైళ్ల గాలికి చలింపని బండి 40 మైళ్ల గాలికి ఊగిపోవును.

పగలు నేల కాగినకొలది గాలి హెచ్చును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తఱచుగా తగ్గును. కావున ఉదయముననే చోటు చూచుకొనవలెను. బండి ప్రక్కభాగము విశాలము గనుక గాలి దానిని సులభముగా త్రోయును. ముందుభాగమునే గాలికి ఎదురుగా నిలుపవలెను. కారును విప్పక, చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, అడుగుననున్న నీటితొట్టిని నింపినచో బండికి నిలుకడ కలుగును. పందిరిగుడ్డను నిద్రకు ముందే చుట్టివేయవలెను. ఇసుకలో పొట్టిమేకులు నిలువవు. సంచిని ఇసుకతో నింపి, త్రాడు కట్టి, లోతుగా పాతినచో అది లంగరువలె పట్టును.

గాలికి జడిసి ఎండిన వాగులోనికి దిగరాదు. దూరపుకొండలపై కురిసిన వానకే అచ్చట వెల్లువ వచ్చి ప్రాణములు తీయును. పెనుగాలి వీచునాడు ప్రయాణమును మానవలెను. ప్రక్కగాలికి బండి బోల్తాపడుట కలదు. బాలబాలికలారా, గాలిని మనము ఆపజాలము. అది వచ్చు దిక్కును ముందుగా కనిపెట్టి నడుచుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.