వడిసెల రాయి, రైఫిలు గుండు
(సైన్యపు మిగులు గుండ్లకు గురి కుదుర్చు విధమును గూర్చి)

మా పాఠశాల రాష్ట్రపు పొలిమేరలో నున్నది. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు, పై చదువులకు ఆంగ్లము. ఇట్టిచోట తెలుగు వాచకము చెప్పు నావంటివానిని శాస్త్రవిషయ మడుగు విద్యార్థి అరుదు. కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలు డొకడు అడిగినాడు. వాని మేనమామ అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచు, సెలవుదినములలో పెద్ద రైఫిలుతో వేయి గజముల దూరపు గురిని కొట్టు క్రీడలో పాల్గొనును. "సార్, మా మామ మిలిటరీ గుండ్లు బక్కెట్లకు బక్కెట్లు కొని ఒక్కొక్కటీ త్రాసులో వేసి తూస్తాడంట. ఎందుకు సార్?" అని వాని ప్రశ్న. నేను ఆలోచింపకయే "బరువులు సమానమైన గుండ్లన్నియు ఒకేచోట తగులును" అని చెప్పి వాచకము తెఱచితిని.

ఆ సమాధానము చాలవఱకు తప్పు. తప్పు చెప్పుట ఉపాధ్యాయునకు క్రొత్త గాదు గాని, యీ తప్పునకు వేఱొక నష్టము గలదు. యంత్రములు, లెక్కలు మొదలగు వానిని ఆంగ్లములోనే చెప్పవలెననియు, తెలుగు పద్యములకు మాత్రమే పనికివచ్చుననియు మా పిల్లలలో పలువురి నమ్మకము. తెలుగు మాస్టారు తెలుగులో చెప్పిన శాస్త్రము తప్పైనచో ఆ నమ్మకము మఱింత బలపడును గదా! కావున ఆ ప్రశ్నను తిరిగి చేపట్టి చదివితిని. చదివినది ఇందు వ్రాయుచున్నాను.

ముందుగా మాటల సంగతి. వాడుకలో తూటా, గుండు అను రెండు మాటలను ఒకదానికి బదులొకటి వాడుచుందుము. ఇచ్చట తూటా యనగా మొత్తము సరుకు: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు టోపీ, లోపల మందు, మూతివద్ద బిగించిన గుండు. గుండు అనగా గొట్టమునుండి వెడలి గురిని తాకునది మాత్రమే.

ఆ మేనమామ వాడు రైఫిలు అర అంగుళపు కొలతది. ఆ తూటాను జాన్ బ్రౌనింగు మొదటి ప్రపంచయుద్ధపు చివరిదినములలో మరతుపాకికొఱకు రూపొందించెను. 1982లో టెన్నెసీ రాష్ట్రమున రానీ బారెట్టు భుజమునుండి కాల్చదగిన రైఫిలును అదే తూటాకు చేసినాడు. 1985లో ఫిఫ్టీ కాలిబర్ షూటర్స్ అసోసియేషన్ ఏర్పడి వేయి గజముల పోటీలు నడుపసాగినది. అన్నిచోట్ల ఈ క్రీడకు ఆదరణ లేదు. కాలిఫోర్నియా 2005 నుండి ఆ కొలత రైఫిళ్ల క్రొత్త విక్రయములను నిషేధించినది.

పోటీకొఱకు ప్రత్యేకముగా చేసిన గుండ్ల వెల మిక్కిలి యెక్కువ. సైన్యము వలదన్న తూటాలను విప్పి, గుండ్లను ఊడబెఱికి అమ్మినవి చవుక. వానిలో సామాన్యమైన ఎం33 రకపు గుండు సుమారు 660 గ్రెయిన్లు తూగును. గ్రెయిను పౌనులో ఏడువేలవ వంతు. మన కంసాలుల గురువింద గింజయెత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. అనగా గుండొక్కటి 43 గ్రాములు. పైన రాగి మిశ్రలోహపు తొడుగు, లోపల మెత్తని ఉక్కు కడ్డీ. ఇది మరతుపాకికై చేసిన సరుకని మఱువరాదు. మరతుపాకి గుండ్లు కొంత చెదరి పడినను సైన్యమునకు లోటు లేదు. చెదరకుండుటయే క్రీడాకారునకు కావలసినది.

గుండు ఎందుకు చెదరును? రైఫిలు గొట్టము లోపల మెలికలుగా గాళ్లు కోసి యుండును. ఈ రైఫిలులో గుండు 15 అంగుళములు ముందుకు సాగునప్పటికి ఒక చుట్టు తిరుగును. సెకనుకు 2,900 అడుగుల వేగముతో వెడలు గుండు సెకనుకు 2,300 చుట్లకు పైగా తిరుగుచుండునన్నమాట. తిరుగు బొంగరము నిలుచునట్లే తిరుగు గుండు ముక్కు ముందుకుంచి పోవును. మెలిగాళ్ల గుణమును పదునెనిమిదవ శతాబ్దిలో శాస్త్రరీతిగా విచారించినవాడు బెంజమిన్ రాబిన్సు. ఆయన గ్రంథము 1742లో వెలువడెను. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయుటకై ఆయన మన ప్రాంతమునకే వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసెను. తుపాకిశాస్త్రమునకు పునాది వేసినవాని చివరి ఊరు మాకు బస్సు ప్రయాణపు దూరములో నున్నదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమైనది.

తిరుగుటలో మేలున్నట్లే కీడును గలదు. బొంగరపు ములికి నడుమ దిగకున్నచో అది ఒరిగి గంతులు వేయుట పిల్లలెల్లరు ఎఱిగినదే. గుండు విషయమున బొంగరముకన్న వడిసెల మంచి పోలిక. మంచెపై నిలిచి పిట్టలను తోలువాడు వడిసెలను గిరగిర త్రిప్పి ఒక కొస వదలును; రాయి ఆ క్షణమున ఎటు సాగుచున్నదో అటే తిన్నగా పోవును. గుండు లోపలి ఉక్కు కడ్డీ నట్టనడుమ లేదనుకొందము. అప్పుడు గుండు బరువునకు కేంద్రము రూపమునకు కేంద్రమైన చోట నుండదు. గొట్టములో నున్నంతసేపు ఇనుపగోడలు గుండును పట్టి యుంచును గాన, బరువుకేంద్రము వడిసెల రాయివలె నడిమి గీతచుట్టు తిరుగుచుండును. గొట్టపు మూతి దాటగానే పట్టు వదలును. అది ప్రక్కకు జారును.

ఎంత జారునో లెక్క కష్టము గాదు. బరువుకేంద్రము నడిమి గీతకు అంగుళములో వేయవవంతు తొలగిన దనుకొందము. అది తల వెండ్రుక మందములో సగము కూడ లేదు. ఒక చుట్టులో ఆ కేంద్రము ప్రక్కగా నడచు దూరము ఆ వేయవవంతునకు 6.28 రెట్లు, అదే కాలమున గుండు ముందుకు నడచునది 15 అంగుళములు. ఈ నిష్పత్తిని వేయి గజములకు, అనగా 36,000 అంగుళములకు, హెచ్చించినచో 15 అంగుళములు వచ్చును. మూరకు మూడంగుళములు తక్కువ! వేగము హెచ్చినను తగ్గినను ఈ లెక్క మాఱదు. వేగమునుబట్టి చుట్లును మాఱును గదా. కడ్డీ ఏ వైపునకు ఒరిగి యున్నదో బయటికి తెలియదు గావున ఒక గుండు కుడికి, ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోయి, మొత్తము 30 అంగుళముల మేర చెదరును. మసాచుసెట్సుకు చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అను వైద్యుడు గుండ్లను బుద్ధిపూర్వకముగా చెఱిపి కాల్చి, ఇట్టి దోషముల ఫలమును ఏండ్ల తరబడి పరీక్షించి 1909లో గ్రంథము ప్రకటించెను.

ఇక బరువు సంగతి. ఒక గుండు మఱియొక దానికన్న ఐదు గ్రెయిన్లు అధికమైనచో వేగము సెకనుకు పది పన్నెండడుగులు తగ్గవచ్చును. వేయి గజముల కడ దాని ఫలము నా లెక్కకు రెండు మూడంగుళములు, అదియు పైకి క్రిందికి మాత్రమే. పదునైదెక్కడ, రెండెక్కడ! త్రాసు బరువును చెప్పును గాని ఆ బరువు ఎచ్చట నున్నదో చెప్పదు. సమానముగా తూగిన రెండు గుండ్లలో ఒకదాని కడ్డీ నడుమను, రెండవదాని కడ్డీ ప్రక్కను ఉండవచ్చును. నేను బాలునకు చెప్పిన దానిలోని తప్పు ఇదే.

అట్లని మేనమామ శ్రమ వ్యర్థము గాదు. బక్కెట్టులోని గుండ్లు ఒక్క కార్ఖానావి కావు. మిస్సోరీలోని లేక్ సిటీవి కొన్ని, వేఱొకచోటివి కొన్ని, ఏండ్లును వేఱు. ఇత్తడి గుల్ల అడుగున కార్ఖానా గుర్తు, సంవత్సరము ముద్రించి యుండును. గుండు మీద అట్టి ముద్ర యుండదు; గుల్లనుండి ఊడిన గుండు ఇంటిపేరు పోగొట్టుకొన్నట్లే. తూచి, పొడవు కొలిచి, అడుగు తీరు చూచి వేఱుపఱచినప్పుడు ఒకే అచ్చులో పుట్టినవి ఒక కుప్పగా చేరును. త్రాసు చేయు అసలు మేలు ఈ కులగోత్రములు తేల్చుటయే.

తూచుటకు ముందు మఱికొంత పని గలదు. సైన్యము గుల్లమూతివద్ద తేమ చొరకుండ నల్లని తారు పూయును. దానిని కడిగివేయనిదే త్రాసు కూడ అబద్ధమాడును. పెఱుకునప్పుడు పట్టుకారు నొక్కిన గాట్లు లోతైనచో ఆ గుండును ప్రక్కన పెట్టవలెను. మిగిలిన దానిని రెండు ఆధారములపై నుంచి వ్రేలితో త్రిప్పుచు డయల్ గేజి ముల్లు ఎంత కదలునో చూతురు. ముల్లు కదలని గుండు బయటికి గుండ్రము; లోపలి కడ్డీ సంగతి దానికిని తెలియదు. ముక్కునకు రంగు పూసినవి నిప్పు రగుల్చునవి, జాడ చూపునవి, కవచము దూయునవి. ఎండుగడ్డి మైదానమున అవి ప్రమాదకరములు.

పిమ్మట తూటా కూర్పు. గుల్లను మూసలో నొక్కి సరిచేయుట, మందును ప్రతిసారి తూచి పోయుట, గుండును వంకర లేక దించుట. మరతుపాకి పట్టీకి సరిపడు పొడవునకు సైన్యము గుండును దించును. చేతితో కూర్చువాడు తన గొట్టపు గాళ్లకు చేరువగా ముక్కు నిలుచునట్లు దించుకొనవచ్చును. అయితే ముక్కు గాళ్లకు తగులునంత చేరువైనచో లోపలి ఒత్తిడి హెచ్చును. విప్పిన తూటాలలోని పేరు తెలియని మందును వాడుట ప్రాణాపాయము. తయారీదారులు ప్రకటించిన కొలతలలో తక్కువదానితో మొదలుపెట్టుట అచ్చటి నియమము. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు చేయుట నేరము గనుక, ఇది మనకు చదివి తెలిసికొనదగిన విషయమే గాని చేయదగిన పని గాదు.

ఇంత చేసినను మిగులు గుండు పోటీగుండునకు సమానము కాజాలదు. పోటీగుండ్లలో పలుమేలైనవి ఒకే లోహపు కడ్డీనుండి తరిమెనపట్టి తీసినవి. తొడుగు, లోకడ్డీ అను భేదమే లేదు గనుక ఒకటి రెండవదానినుండి తొలగుట యుండదు. అందుచే అచ్చటివారు మిగులు గుండ్లను సాధకమునకు, వెలగల వానిని పోటీకి వాడుదురు.

ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసి చూపునప్పటికి ఆ బాలుడు పదవ తరగతికి వచ్చినాడు. వాడు చివరి వరుసలో లేచి, "అట్లయితే సార్, మా మామ వారమంతా తూచినది రెండంగుళాలకేనా?" అని అడిగినాడు. కుప్పలు వేఱుపఱచుటకు కూడ అని చెప్పితిని. దానిని తెలుగులోనే ఉత్తరముగా వ్రాసి మామకు పంపుమంటిని. పంపినాడు.