వరదవేళ వార్త తెగకుండుటెట్లు?

2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి మన మానవపాడు, అలంపురము ప్రాంతపు ఊళ్ళను ముంచుట సభ్యులు మరువలేదు. వరదలో టవరు కూలినచో సెల్‌ఫోను మూగవోవును. అందుచే నేలమీది టవర్లను, ఆకాశమందలి డ్రోన్లను, బెలూన్లను, వానికిని పైనున్న ఉపగ్రహములను ఒకే వలగా కూర్చుటకు శాస్త్రజ్ఞులు కృషి సల్పుచున్నారు. ఒక తూము పూడినచో నీరటి వేరొక తూమున నీరు పారించునట్లు, ఒక దారి తెగగానే కృత్రిమ మేధ వేరొక దారిన వార్త నంపును.

2017లో మరియా తుపానుకు ప్యూర్టోరికో ద్వీపమున టవర్లు కూలగా, సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున గాలివాటమెరిగి యంత్రబుద్ధి నడిపిన లూన్ బెలూన్లు ఫోన్లకు మరల సందేశముల నందించినవి. అయినను వ్యయము గిట్టక ఆ సంస్థ 2021లో మూతపడెను.

కావున యంత్రమునే నమ్మి కూర్చుండరాదు. వానకారుకు ముందే ప్రతి సంఘమును దండోరా వేయువానిని, పశువులను మెరకకు తోలు దారిని నిర్ణయించుకొనవలెనని మా మనవి. వార్త వచ్చినంతనే చాలదు; కదలవలసినది మనమే.