గోండులను విడదీసిన గీతలు

దేశంలో ఆదివాసీలు ఎంతమంది అని అడిగితే జనగణన ఒక్క అంకెతో జవాబు చెబుతుంది. 2011 లెక్కల ప్రకారం పది కోట్లకు పైగా, అంటే జనాభాలో 8.6 శాతం. ఈ అంకెను రాష్ట్రాలవారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. మిజోరంలో నూటికి 94 మంది గిరిజనులు. నాగాలాండ్, మేఘాలయల్లో 86 మంది. పంజాబ్, హర్యానాల్లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్నది ఒక్కటీ లేదు. దీన్నిబట్టి గిరిజనమంటే ఈశాన్యమేనని అనుకుంటే పొరపాటు. ఈశాన్య రాష్ట్రాలన్నింటి గిరిజనులను కలిపినా కోటిన్నరకు చేరరు, ఒక్క మధ్యప్రదేశ్‌లోనే అంతకు మించి ఉన్నారు. అయినా మధ్యప్రదేశ్ జనాభాలో వారు ఐదో వంతే. ఒక తెగ మాట ఎంతవరకు చెల్లుతుందన్నది ఆ తెగ జనసంఖ్య మీద కన్నా, ఆ జనం మధ్యగా పాలకులు గీసిన సరిహద్దుల మీదే ఎక్కువగా ఆధారపడి ఉందని ఈ అంకెలు చెబుతున్నాయి.

గోండుల సంగతే తీసుకుందాం. వారి జనాభా కోటికి పైమాటే. మొత్తం మిజోరం జనాభా 2011లో పదకొండు లక్షలు. మిజోలకు సొంత రాష్ట్రం, సొంత శాసనసభ ఉన్నాయి. గోండులు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశాల్లో చెదిరి ఉండి, ప్రతిచోటా అల్పసంఖ్యాకులే. ఇందులో కొంత చరిత్ర చేసిన పని, కొంత మన చేతులారా చేసుకున్న పని. 1956లో రాష్ట్రాలను భాషల ప్రాతిపదికన పునర్విభజించినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. తెలుగువారు ఎక్కడ, మరాఠీవారు ఎక్కడ అని చూసి గీత గీశారు. గోండులు ఎక్కడ అన్నది ఆ గీతకు ఆధారం కాలేదు. బంధుత్వాలు మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. గోండు సమాజం కొలిచే దేవతల సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఉంటుంది. ఒకే సగలో పెళ్లి చేసుకోరు. కాబట్టి వియ్యంకులు సరిహద్దుకు అటూ ఇటూ ఉంటారు. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి తెచ్చిన గోదావరి జలంతో కేస్లాపూర్‌లో నాగోబాను అభిషేకిస్తారు. ఆ జాతరకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల నుంచీ జనం తరలివస్తారు.

ఈ విభజన దెబ్బ అన్నిటికన్నా ముందు భాష మీద పడింది. 2011లో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 30 లక్షలు, అంటే గోండుల్లో మూడో వంతు కూడా కాదు. బోడో మాట్లాడేవారు అందులో సగమే, దాదాపు 15 లక్షలు. అస్సాంలో ఒకచోట కూడి ఉన్న బోడోలు పోరాడి 2003లో తమ భాషను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేర్పించుకున్నారు. గోండికి ఆ చోటు ఇంకా దక్కలేదు. ఆదిలాబాద్ గోండు పిల్లలకు బడిలో తెలుగు, చంద్రపూర్‌లో మరాఠీ, బస్తర్‌లో హిందీ. ఒకే భాష మాట్లాడే పిల్లలు ఒకరు రాసింది మరొకరు చదవలేకుండా పెరుగుతున్నారు. గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కానీ అన్ని రాష్ట్రాల బడులు ఒప్పుకునే ఉమ్మడి లిపి అంటూ ఇంకా లేదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఈశాన్య కొండలు దుర్గమమైనవి, 1873 నాటి ఇన్నర్ లైన్ నిబంధన బయటివారి రాకను కట్టడి చేసింది, మధ్య భారతంలోని అడవుల్లోకి మాత్రం రైళ్లు, గనులు, వలసలు వచ్చాయి, కనుక తేడాకు కారణం భూగోళమే తప్ప గీతలు కావంటారు. ఇందులో నిజం ఉంది. కానీ జనం ఎక్కడ స్థిరపడ్డారో మాత్రమే భూగోళం చెబుతుంది. వారిని ఎన్ని ముక్కలుగా లెక్కించాలో నిర్ణయించింది ప్రభుత్వాలే. అసలు ఇన్నర్ లైన్ కూడా పాలకులు గీసిన గీతే కదా.

ఐదో షెడ్యూలు, చట్టసభల్లో రిజర్వేషన్లు ఉన్నాయి కదా, అవి చాలవా అన్నది మరో ప్రశ్న. అవి విలువైన రక్షణలే. అయితే ఐదో షెడ్యూలు కింద ఏర్పడే గిరిజన సలహా మండలి దేనికది ఒక్కో రాష్ట్రానికే పరిమితం, పైగా అది సలహా మాత్రమే ఇవ్వగలదు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో ఆరో షెడ్యూలు కింద ఉన్న స్వయంపాలక మండళ్లకు చట్టాలు చేసే అధికారం కూడా ఉంది. గుర్తింపులోనూ సరిహద్దుదే పెత్తనం. ఉత్తరప్రదేశ్‌లో గోండులకు కొన్ని జిల్లాల్లోనే ఎస్టీ హోదా దక్కింది. లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు. అలాగని కొత్త రాష్ట్రం గీస్తే చిక్కు తీరిపోదు. 2000లో ఏర్పడిన జార్ఖండ్‌లో గిరిజనులు 26 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 31 శాతం లోపే. కలిసిమెలిసి ఉన్న జనాన్ని ఏ గీతా శుభ్రంగా విడదీయలేదు.

కాబట్టి గీతలు మార్చడం కన్నా గీతలు దాటే ఏర్పాట్లు చేయడమే సరైన దారి. గోండిని ఎనిమిదో షెడ్యూల్లో చేర్చాలి. ఐదు రాష్ట్రాలూ కలిసి ఉమ్మడి పాఠ్యపుస్తకాలు తయారు చేసుకోవాలి. గోండు కుటుంబం ఒక జిల్లా దాటి మరో జిల్లాకు పోయినా హోదా చెదరకుండా చూడాలి. సలహా మండళ్లు పొరుగు రాష్ట్రాల మండళ్లతో కలిసి కూర్చునే పద్ధతి రావాలి. నదీజలాల కోసం రాష్ట్రాలు ఉమ్మడి బోర్డుల్లో కూర్చుంటున్నప్పుడు, కోటి మంది మనుషుల కోసం కూర్చోలేమని చెప్పడానికి ఏ ప్రభుత్వానికీ నైతిక హక్కు లేదు.