రేకు గరిటె, ఉదయగిరి చెంచా

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కొండల నర్ది, బిక్కి, దేవదారి కర్రతో చెక్కే చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా రోజూ పొయ్యి మీద తిరిగేది మాత్రం రేకు గరిటె. యంత్రం వేగంతో చేతిపనిని ఓడించిందని అందరూ అనేస్తారు. నాకు మాత్రం అసలు విజేత అచ్చు అనిపిస్తుంది. యూరప్‌లో 16వ శతాబ్దిలోనే మరప్రెస్సుతో నాణేలు ముద్రించారు. 1769లో ఇంగ్లండులో జాన్ పికరింగ్ పేటెంటు తీసుకున్న పద్ధతిలో, పైకెత్తిన బరువు రేకు మీద పడి దాన్ని కింది అచ్చులోకి దిగగొడుతుంది. చెంచా అయితే ముందు బిళ్ల కోయాలి. తినే వైపు పలచగా, మెడ దగ్గర మందంగా ఉండేలా రోలర్ల మధ్య సాగదీయాలి. ఆ తర్వాతే అచ్చు దెబ్బ. లోతైన గిన్నెకు ఒక్క దెబ్బ చాలదు. దెబ్బదెబ్బకూ లోహం గట్టిపడుతుంది, మధ్యలో కాల్చి మెత్తబరచకపోతే చీలిపోతుంది. గట్టి ఉక్కులో అచ్చు చెక్కడమే అసలు ఖర్చు. ఒకే రూపం వేలల్లో అమ్ముడైతేనే అది గిట్టుతుంది.

మరి గెలిచింది చవక లోహమే కదా అని అడగొచ్చు. నిజమే, 1886లో హాల్, ఎరూ కనిపెట్టిన విద్యుత్ పద్ధతితో అల్యూమినియం ధర పడిపోయింది. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1898లో, ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు కళాశిల్ప పాఠశాలలో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. కానీ చవక దిమ్మె దానంతటదే గిన్నె అయిపోదు. పలచటి రేకు, దాన్ని తప్పకుండా ఒకేలా మలిచే అచ్చు తోడైతేనే ఆ చవక వంటింటిదాకా వస్తుంది. కర్ర దగ్గర ఈ లెక్క సాగదు. లోహంలో పొరలు ఒకదానిపై ఒకటి జారి కొత్త రూపానికి సర్దుకుంటాయి, ఎండు కర్ర మాత్రం పోగు వెంట పగులుతుంది. రంపపు యంత్రం ముక్కను కోసిపెట్టగలదు గానీ, చేతి చెక్కుడులో పోగు ఎటు తిరిగిందో చూసి కత్తి తిప్పాల్సింది మనిషే. అందుకే చెక్క చెంచా రోజువారీ వాడకంలో ఓడినా పూర్తిగా పోలేదు. పైగా నాన్‌స్టిక్ పెనం వచ్చింది. అదీ ఎక్కువగా ప్రెస్సులో నొక్కిన అల్యూమినియమే, కానీ దాని పూతను లోహపు గరిటె గీకేస్తుంది కాబట్టి మళ్లీ చెక్క గరిటె కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ చోటుకూ నైలాన్, సిలికాన్ గరిటెలు పోటీకొచ్చాయి. అవీ అచ్చులో పోసినవే.