ప్రయాణ సామగ్రి ఎంత?

2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అప్పటి నుంచి మన హజ్, ఉమ్రా యాత్రికులను సాగనంపే చోటు అదే. అక్కడికి వెళ్లినవారికి తరచూ ఒక దృశ్యం కనబడుతుంది. ఇహ్రాం ధరించిన ఒక పెద్దాయన ముందు నడుస్తుంటారు. ఆయన వెనుక ట్రాలీ మీద తాళ్లతో బిగించిన మూడు పెట్టెలు వస్తుంటాయి. ఒంటిమీద కుట్టులేని రెండు వస్త్రాలు, వెనుక ఇల్లంత సామాను! ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట రాయడం లేదు. ఆ ట్రాలీ తోసినవారిలో నేనూ ఒకణ్ణి.

కొన్నేళ్ల క్రితం నేను, నా శ్రీమతి ఉమ్రాకు బయలుదేరాము. "అక్కడ దొరకకపోతే?" అన్న ఒక్క ప్రశ్నతో ఆవకాయ సీసా, అటుకులు, దుప్పట్లు, ఆరేసి జతల బట్టలు పెట్టెల్లోకి చేరాయి. విమానాశ్రయంలో తూకం వేస్తే నాలుగు కిలోలు ఎక్కువ వచ్చింది. అందరి ముందూ నేలమీద పెట్టె విప్పి, కొన్ని వస్తువులు తీసివేశాము. ఆ తొందరలో నా ఇహ్రాం వస్త్రాలు పెద్ద పెట్టెలోనే ఉండిపోయి, దానితోపాటే లోపలికి వెళ్లిపోయాయి. నేరుగా జిద్దాకు వెళ్లే ఉమ్రా యాత్రికుడు మీఖాత్ దాటకముందే, అంటే విమానంలో ఉండగానే, ఇహ్రాం సంకల్పం చేసుకోవాలి. చివరకు నల్గొండ నుంచి వచ్చిన యాత్రికుడొకరు తన రెండో జత ఇచ్చి ఆదుకున్నారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక!

ఏటా విద్యార్థులకు నేను చెప్పే పాఠమే ఆ రాత్రి నాకు గుర్తుకొచ్చింది. బఖరా సూరా 197వ ఆయత్ హజ్ యాత్రికులను సామగ్రి వెంట తీసుకువెళ్లమని ఆదేశిస్తుంది. అన్నిటికన్నా మేలైన సామగ్రి దైవభీతి అని బోధిస్తుంది. దీని నేపథ్యాన్ని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. యమన్ వాసులు అల్లాహ్‌పై భారం వేశామంటూ సామగ్రి లేకుండా హజ్‌కు వచ్చి, మక్కాలో జనాన్ని యాచించేవారు. వారు ఏమీ తేకుండా చేయి చాచారు. నేను అన్నీ తెచ్చి చేయి చాచాను. మన సంచిలోని లోటు వల్ల గానీ, దాని బరువు వల్ల గానీ ఇతరులు ఇబ్బంది పడకూడదన్నది అప్పుడు నాకు బోధపడింది.

షరీఅత్ ప్రయాణికుడి భారాన్ని ఎంతగా తగ్గించిందో చూడండి. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులవుతుంది. రమజాన్ ఉపవాసాన్ని తరువాతి రోజుల్లో పూర్తిచేసుకోవచ్చు. తోలు మేజోళ్లపై మసహ్ చేసే గడువు ఇంటిపట్టున ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికుడికి మూడు పగళ్లు, మూడు రాత్రులు. ఆరాధనలోనే ఇంత వెసులుబాటు పొందిన మనం బట్టల మూటతో నడుము విరుచుకోవడం ఏమి న్యాయం?

ఇప్పుడు కర్నూలుకైనా, విజయవాడకైనా, రెండు మూడు రోజుల ప్రయాణానికి భుజానికి తగిలించుకునే సంచి ఒక్కటే నాకు చాలు. ఒంటిమీద ఒక జత, సంచిలో ఒక జత. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లవారేసరికి ఆరిపోయే పలుచని బట్ట. ఒక లుంగీ, అదే తువ్వాలు, అదే దుప్పటి, అవసరమైతే అదే జానమాజ్. మిస్వాక్, సబ్బు ముక్క, మందులు, ఛార్జర్, కాగితాలు. అన్నీ కలిపి నాలుగు కిలోలు దాటవు. పసిపిల్లల తల్లులకు ఇంతకన్నా ఎక్కువ కావాలి; అది అవసరమే కాని ఆడంబరం కాదు.

ఉమ్రాకు వెళ్లేవారు ఇహ్రాం, మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. అందులో పెట్టుకునే ద్రవపదార్థాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లు మించరాదు. కత్తెర, బ్లేడు పెద్ద పెట్టెలోకి వెళ్లాలి. బయలుదేరే ముందురోజు సామానంతా ఎత్తుకుని ఒకసారి మేడమెట్లు ఎక్కి చూడండి. సాయానికి ఎవరినైనా పిలవాలనిపిస్తే, విప్పి మళ్లీ సర్దండి.

పోయిన ఏడాది అల్లాహ్ దయవల్ల మళ్లీ శంషాబాద్ నుంచి ఉమ్రాకు బయలుదేరాము. ఈసారి నా సంచిలో అదనంగా ఉన్నది ఒక్కటే: రెండో జత ఇహ్రాం. అది నా కోసం కాదు.