చలి ఉదయములలో తోట ట్రాక్టరు లిఫ్టు ఏల మందగించును?

మార్గశిర పుష్యమాసములు వచ్చినంతనే సభ్యులు పలువురు ఒకే విషయమును గూర్చి అడుగుచుందురు. ముందునాటి సాయంకాలము చక్కగా లేచిన రోటవేటరు తెల్లవారుజామున మీట నెత్తినను కదలదు, కదలినను మెల్లమెల్లగా లేచును, పంపు మూలుగును. ఎండ యెక్కిన పిదప మరల యథాప్రకారము పనిచేయును. పంపు చెడినదని తలంచి కొందరు దానిని విప్పించుచున్నారు. మరికొందరు ఇంజనును వేగముగా త్రిప్పి బలవంతముగా లేపజూచుచున్నారు. మొదటిది వృథా వ్యయము. రెండవది మంచి పంపును నిజముగనే చెరచును. ఇది యెట్లో తెలిసికొందము.

చెట్ల వరుసల నడుమ తిరుగు చిన్న ట్రాక్టరులకు పనిముట్టును ఎత్తి దింపునది హైడ్రాలిక్ లిఫ్టు. నూనె బలముతో ఎత్తు ఈ యేర్పాటును మూడు లంకెల పద్ధతితో జతపరచి ప్రచారమునకు దెచ్చినవాడు ఐర్లండు దేశస్థుడగు హారీ ఫెర్గూసన్. 1939లో అది ఫోర్డు ట్రాక్టరుతో విక్రయమునకు వచ్చెను. నేటి ట్రాక్టరులలో మిక్కిలి భాగము ఆ పద్ధతినే అనుసరించుచున్నవి. పంపు నూనెను తొట్టెనుండి జాలిగుండ పీల్చి సిలిండరులోనికి నెట్టును. ఆ నూనె ముషలకమును త్రోయగా లిఫ్టు చేతులు లేచును. పెక్కు ట్రాక్టరులలో గేరుపెట్టెలోని నూనెయే లిఫ్టునకును ఉపయోగపడును.

బండి యిరుసునకు ఆముదము వేసి యెరిగినవారికి చలిలో నూనె స్వభావమును వేరుగ చెప్ప నక్కరలేదు. వేసవిలో గలగల పారిన ఆముదము చలి ఉదయమున సీసానుండి తీగవలె సాగుచు దిగును. ట్రాక్టరు నూనెయు నట్టిదే. డబ్బాపై 46 అను అంకె గల సాధారణ హైడ్రాలిక్ నూనె, 40 డిగ్రీల వేడిమిలో నుండు చిక్కదనమునకు, 10 డిగ్రీల చలిలో సుమారు ఐదు రెట్లు చిక్కబడును. ఆదిలాబాదు ప్రాంతమున చలిరాత్రులలో 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. విశాఖ మన్యములోని లంబసింగి వైపున అంతకంటెను తగ్గును. కావున ఈ చిక్కు ఆ ప్రాంతముల రైతులకు మిక్కుటము.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పంపు నూనెను నెట్టునప్పుడు చదరపు సెంటీమీటరునకు సుమారు 150 కిలోల ఒత్తిడి వరకు చూపగలదు. కాని పీల్చునప్పుడు దానికి సాయపడునది గాలి ఒత్తిడి మాత్రమే. అది ఒక్క కిలో మాత్రము. ఆ స్వల్పబలముతో చిక్కని నూనె సన్నని జాలిని దాటి చాలినంత రాజాలదు. అప్పుడు ఇంజనును వేగముగా త్రిప్పినచో పంపు మరింత దప్పిగొనును గాని నూనె అధికముగా రాదు. లోపల బుడగలు పుట్టి, పగిలి, లోహమును కొరికివేయును. వినవచ్చు మూలుగు దాని మొరయే.

కనుక చేయవలసినది ఓపికయే. క్లచ్చి త్రొక్కి ఇంజనును ప్రారంభింపుడు; అందువలన చిక్కని గేరు నూనె భారము ఇంజనుపై తగ్గును. నెమ్మదిగా పది నిమిషములు తిరుగనిండు. పిదప బరువులేని లిఫ్టును అయిదారు మార్లు ఎత్తి దింపుడు. మీటను కొసవరకు లాగి అట్లే పట్టియుంచకుడు. మూలుగు అణగిన తరువాతనే పనిముట్టును తగిలింపుడు. ఇంజనును మూసిన కొట్టములో తిరుగనీయరాదు; దాని పొగ ప్రాణాంతకము.

తొట్టె క్రింద చలిమంట వేయుట, నూనెలో కిరసనాయిలు గాని డీజిలు గాని కలుపుట కొందరి యలవాటు. మంటవలన సీళ్లు మాడును, ట్రాక్టరే తగులబడవచ్చును. కిరసనాయిలు నూనెకుగల జిడ్డును హరించి గేర్లను అరుగజేయును. పలుచని నూనె కావలసినచో తయారీదారు పుస్తకములో చలికాలమునకు చెప్పిన రకమునే పోయవలయును. 10డబ్ల్యూ-30 వంటి గుర్తులలో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలోని నడకను తెలుపును. అది చిన్నదైన కొలది నూనె సులభముగ పారును. బ్రేకులుకూడ అదే నూనెలో మునిగియుండు ట్రాక్టరులకు తగిన నూనెనే వాడవలయును.

చలిదోషమునకును యంత్రదోషమునకును భేద మిట్లు తెలియును. చలిలో మందగించి, వేడెక్కినంతనే పూర్తిగా కుదురుకొన్నచో తప్పు నూనె చిక్కదనమునదే. వేడెక్కినను మూలుగు పోనిచో జాలి మూసికొనియుండును, లేదా నూనె మట్టము తగ్గియుండును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని యర్థము, దానిని మార్చవలయును. ఉదయమున బాగుండి, మధ్యాహ్నము వేడిలో బరువు నెత్తలేనిచో పంపో సీళ్లో అరిగినవి. అప్పుడే మేస్త్రీని పిలువుడు.

తుదిమాట. చలిలో నూనె తిరిగివచ్చుటయు ఆలస్యమే. దింపు మీట వేసినను పనిముట్టు దిగక నిలిచినచో, చిక్కుకొన్నదని తలంచి క్రిందికి దూరకుడు. అది హఠాత్తుగా పడవచ్చును. దిమ్మ ఆనించనిదే ఎవ్వరును దాని క్రిందికి పోరాదు. పంపు పోయిన మరియొకటి తెచ్చుకొనవచ్చును. ఉదయపు పది నిమిషముల తొందరకు చేతిని గాని కాలిని గాని వెలగా నీయకుందుముగాక.